కుటుంబ ప్రయాణాల స్క్రాప్‌బుక్: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

ఈ పేజీ రాయడానికి కారణం ఒక్కటే. అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతున్నారు, చెప్పిన జవాబే మళ్లీ చెబుతున్నాను, ఒక్కోసారి నిన్న చెప్పిందానికీ ఇవాళ చెప్పిందానికీ పొంతన కూడా ఉండటం లేదు. అందుకని కూర్చుని అన్నీ ఒకచోట రాసేశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది, వరసగా చదవాల్సిన పనిలేదు. ఒక మాట ముందే చెప్పేస్తాను: నేను అలంకారాల మనిషిని కాను, రాతల మనిషిని. రిబ్బన్లు, పూల స్టిక్కర్లు ఎలా పెట్టాలో చూద్దామని వచ్చినవాళ్లకి కొంచెం నిరాశే.

## మొదలుపెట్టే ముందు

ఫోటో ఆల్బమ్ ఉంది కదా, మళ్లీ స్క్రాప్‌బుక్ అంటే ఏంటి?

ఆల్బమ్‌లో ఫోటోలే ఉంటాయి. స్క్రాప్‌బుక్‌లో ఫోటో పక్కన టికెట్ ముక్క, దారిలో గీతలు పెట్టుకున్న మ్యాపు, హోటల్ గదిలో దొరికిన కాగితం మీద పాప గీసిన ఓడ, ఆ రోజు ఏం జరిగిందో నాలుగు వాక్యాలు, అన్నీ ఉంటాయి. ఆల్బమ్ చూపించాలంటే పక్కన ఎవరో ఒకరు కూర్చుని "ఇది ఫలానా చోటు, ఇక్కడే వీడు తప్పిపోయాడు" అని చెబుతూ ఉండాలి. స్క్రాప్‌బుక్ తనే చెప్పేస్తుంది. మీరు పక్కన లేనప్పుడు కూడా చదివినవాళ్లకి అర్థమైతే అది స్క్రాప్‌బుక్, లేకపోతే రంగు కాగితాల ఆల్బమ్, అంతే.

ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ అనుకునేవాళ్ల కోసం: 1980లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో కుటుంబ చరిత్ర రికార్డుల మీద జరిగిన ఒక సదస్సులో మేరిలెన్ క్రిస్టెన్సెన్ అనే ఆవిడ తమ కుటుంబం కోసం చేసుకున్న 50 పుస్తకాలు ప్రదర్శనకి పెట్టారు. ఇప్పుడు మనం చూస్తున్న స్క్రాప్‌బుక్ పిచ్చికి అక్కడే ఊపు వచ్చిందంటారు.

నాకు బొమ్మలు గీయడం రాదు, చేతిరాత కూడా కోడి గీతలే. నావల్ల అవుతుందా?

అవుతుంది. బొమ్మలు అక్కర్లేదు. చేతిరాత గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతాను: దయచేసి టైపు చేసి అతికించకండి. మా నాన్న రాత ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఆఖరికి ఆయనకే అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఆయన రాసిన మూడు లైన్లున్న పేజీయే ఇంట్లో అందరూ ముందు తీసి చూస్తారు. మరీ చదవలేనంతగా ఉంటే కింద చిన్నగా ఇంకోసారి విడివిడిగా రాయండి, అసలు రాతని తీసేయొద్దు.

ఫోన్‌లో అన్నీ భద్రంగానే ఉన్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకు?

ఉన్నాయి, కానీ ఎవరు చూస్తున్నారు? ఆరు వేల ఫోటోల మధ్య పోయిన ఏడాది ట్రిప్ వెతకడం అంటే గడ్డివాములో సూది వెతకడమే. పైగా ఫోన్‌కి ఫోటో ఎప్పుడు తీశామో, చాలాసార్లు ఎక్కడ తీశామో కూడా తెలుసు గానీ ఎందుకు నవ్వుతున్నామో తెలియదు. ఆ నవ్వుకి కారణం మన బుర్రలోనే ఉంది, అది ఏడాదికేడాది అరిగిపోతుంది.

ఎంత సైజు పుస్తకం తీసుకోవాలి?

స్క్రాప్‌బుక్‌ల కోసం అమ్మే పుస్తకాల్లో బాగా కనిపించేది 12 అంగుళాల చదరం. ఒక్కో పేజీలో చాలా పడుతుంది, కానీ అల్మరాలో పట్టదు, మామూలు ఏ4 స్కానర్ మీద కూడా ఒక్కసారిగా పట్టదు. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఏ4 గానీ ఇంకా చిన్నది గానీ చెబుతాను. చిన్న పేజీ తొందరగా నిండుతుంది, నిండిన పేజీ ఉత్సాహాన్నిస్తుంది. పేజీలు తీసి పెట్టుకునే రింగుల పుస్తకం అయితే మధ్యలో ఒక పేజీ చెడినా పుస్తకం మొత్తం పాడవదు. కుట్టిన పుస్తకం చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, అన్నీ అతికించేసరికి పొట్ట ఉబ్బి మూతపడదు.

"యాసిడ్ ఫ్రీ" కాగితం నిజంగా కావాలా, లేక అమ్ముకోవడానికి చెప్పే మాటా?

నిజంగా కావాలి. పాత వార్తాపత్రిక ఎండలో నాలుగు రోజులు వదిలేస్తే పసుపెక్కి, మడిస్తే విరిగిపోతుంది కదా, దానికి కారణం చెక్క గుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం, కాగితంలో ఉండే ఆమ్లం. ఇవి ఆ కాగితాన్నే కాదు, దానికి ఆనుకుని ఉన్న ఫోటోని కూడా మెల్లగా తినేస్తాయి. అందుకే యాసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ అని రెండు మాటలూ రాసి ఉన్నవి చూసుకోండి. మంచి కాగితాల్లో ఆమ్లాన్ని విరిచేందుకు కాల్షియం కార్బొనేట్ కూడా కలుపుతారు. "ఆర్కైవల్" అన్న ఒక్క మాట చూసి మాత్రం మోసపోకండి, దానికి కచ్చితమైన అర్థమంటూ లేదు, ఎవరైనా అట్ట మీద వేసుకోవచ్చు. అంతకంటే నమ్మదగిన గుర్తు కావాలంటే ఐఎస్‌ఓ 18916 పరీక్ష పాసైనట్టు రాశారేమో చూడండి. ఫోటోకి ఆనుకుని ఉంటే ఆ కాగితం, ఆ జిగురు దాన్ని పాడుచేస్తాయా లేదా అని తేల్చే పరీక్ష అది.

మొదట ఏమేం కొనాలి?

పుస్తకం, కత్తెర, స్కేలు, ఫోటో కార్నర్లు (ఫోటో మూలలు దూర్చడానికి పేజీకి అతికించే చిన్న జేబులు), ఫోటోలకి పనికొచ్చే డబుల్ సైడ్ టేపు, ఒక మంచి నల్ల పెన్ను, ఒక మెత్తటి పెన్సిలు. ఆగండి ఇక. డిజైన్ పంచులు, అచ్చులు, ముప్పై రకాల స్టిక్కర్లు కొన్నవాళ్లని చాలామందిని చూశాను, పుస్తకం పూర్తిచేసిన వాళ్లు వాళ్లలో తక్కువ. నేనూ ఒక డబ్బా నిండా కొన్నాను, అందులో సగం ఇంకా కవర్లలోనే ఉన్నాయి.

పదేళ్ల ట్రిప్పులు పేరుకుపోయాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నిటికంటే ఈమధ్య వెళ్లిన ట్రిప్‌తో. పాతవాటి నుంచి వరసగా రావాలనుకుంటే మొదటి ఏడాదిలోనే నీరసం వస్తుంది, ఈలోపు కొత్తవి కూడా పాతబడిపోతాయి. ఒకే ఒక్క మినహాయింపు: ఆ పాత ప్రయాణంలో ఉన్న పెద్దవాళ్లకి వయసు మీదపడి, చెప్పగలిగిన విషయాలు వాళ్ల దగ్గరే ఉంటే మాత్రం అది ముందు. పుస్తకం కాకపోయినా కనీసం పక్కన కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటిగా చూపిస్తూ వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి.

## ప్రయాణంలో ఉండగా

దారిలో ఏమేం దాచుకోవాలి?

పల్చగా ఉండేవి, రాత ఉండేవి, ఇంకెక్కడా దొరకనివి. ప్రవేశ టికెట్లు, బస్సు టికెట్లు, హోటల్ పేరున్న కాగితం, దారి అడిగితే ఎవరో గీసి ఇచ్చిన గీతల మ్యాపు. ఆ చివరిది దొరికితే బంగారం. దుకాణాల్లో అమ్మే పోస్టుకార్డు ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ కాగితం ముక్క దొరకదు. అన్నీ పెట్టడానికి ఒక ప్లాస్టిక్ కవరు బ్యాగులో పడేసుకోండి, రోజుకొక కాగితం కవరు, దాని మీద తేదీ. ఇంటికొచ్చాక ఏది ఏ రోజుదో అని తలపట్టుకునే పని ఉండదు. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, పిన్నులు కొట్టొద్దు: రబ్బరు కరిగి అంటుకుంటుంది, పిన్ను తుప్పు మరక వదిలేస్తుంది.

రోజూ డైరీ రాసే ఓపిక ఉండదు. ఏం చేయాలి?

రాయకండి. పడుకునేముందు ఫోన్ తీసి ఒక్క నిమిషం మాట్లాడి రికార్డు చేయండి, లేదా ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరిని "ఇవాళ నీకు గుర్తుండిపోయేది ఏంటి" అని అడిగి ఆ మాటలే ఉన్నవి ఉన్నట్టు నోట్ చేసుకోండి. మేం ఒకసారి సముద్రం చూపించడానికి పిల్లల్ని అంత దూరం తీసుకెళ్తే, రాత్రి మావాడు చెప్పింది లిఫ్ట్ గురించి. గోడలు అద్దాలట, అందులో తను పదిమంది కనిపించాడట. ఆ ట్రిప్ పుస్తకంలో సముద్రానికి ఒక పేజీ, లిఫ్ట్‌కి ఒక పేజీ.

గవ్వలు, ఇసుక, ఆకులు, పూలు తెచ్చుకుని పెట్టొచ్చా?

తెచ్చుకునేముందు అక్కడ అనుమతి ఉందో లేదో చూడండి. చాలా అభయారణ్యాల్లో, బీచ్‌లలో తీసుకెళ్లడం నిషేధం. ఇటలీలోని సార్డీనియా దీవిలో 2017లో వచ్చిన చట్టం ప్రకారం బీచ్ నుంచి ఇసుక, రాళ్లు, గవ్వలు పట్టుకెళ్తే జరిమానా. పగడాల్లో చాలా రకాలు సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటిస్తే చిక్కే. మొక్కలు, విత్తనాలు, మట్టి కూడా విమానాశ్రయంలో ఆపేస్తారు.

అనుమతి ఉన్నచోట తెచ్చిన పూలూ ఆకులూ అయితే పుస్తకంలో పెట్టేముందు పూర్తిగా ఆరాలి. పీల్చుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు వేసి రెండు మూడు వారాలు వదిలేయండి. ఏమాత్రం పచ్చి ఉన్నా బూజు పట్టి పక్క పేజీకి కూడా పాకుతుంది. ఆరాక కూడా ఫోటోకి తగలకుండా విడిగా చిన్న కవరులో పెట్టండి. ఇసుక మాత్రం వద్దు, ఎంత గట్టిగా మూసినా ఏదో ఒకరోజు బయటికొచ్చి ఫోటోలన్నిటినీ గీకేస్తుంది.

ఫోటోలు తీసేది ఎప్పుడూ నేనే. ఏ ఫోటోలోనూ నేను లేను!

చాలా ఇళ్లలో ఈ గోడు వింటాను, ఎక్కువగా అమ్మల దగ్గర. రోజుకొక గంట కెమెరా ఇంకొకరి చేతిలో పెట్టండి, పిల్లలకైనా సరే. తల తెగిపోతుంది, వేలు అడ్డొస్తుంది, ఫర్వాలేదు. పిల్లల ఎత్తులోంచి తీసిన ఫోటోల్లో మనం ఎంత పెద్దగా కనిపిస్తామో చూస్తే భలే ఉంటుంది. జరిగిపోయిన ట్రిప్ అయితే, మీ నీడ పడిన ఫోటోలు, అద్దంలో కనిపించిన ఫోటోలు వెతకండి, కనీసం ఒక పేజీలో "ఇవన్నీ తీసింది నేను" అని రాయండి.

## ఇంటికొచ్చాక: ఏరడం, ప్రింట్లు వేయించడం

తొమ్మిది వందల ఫోటోలున్నాయి. ఎలా తగ్గించాలి?

ఒకేసారి కూర్చుంటే తగ్గవు. మొదటి విడతలో మసకగా వచ్చినవి, ఒకేలాంటివి తీసేయండి. రెండో విడత వారం తర్వాత. అప్పుడు ఒకటే అడగండి: దీని గురించి నేను రెండు వాక్యాలు చెప్పగలనా? చెప్పలేకపోతే ఎంత అందమైన సూర్యాస్తమయమైనా పక్కన పెట్టేయండి. మేం వారం రోజుల ట్రిప్‌కి నలభై దాటనివ్వం. కొండల ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి, కొండ ఎక్కలేక మెట్ల మీద కూలబడిన బాబాయి ఫోటో మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఏది ఉంచాలో నేను చెప్పక్కర్లేదనుకుంటా.

మా ఫోటోల తేదీలు, టైమ్ తప్పుగా చూపిస్తున్నాయి, వరస కలిసిపోయింది

ప్రతి డిజిటల్ ఫోటోలోనూ తీసిన తేదీ, సమయం లోపల నమోదై ఉంటాయి. ఫోన్ అయితే వేరే దేశం వెళ్లగానే టైమ్ తనే మార్చుకుంటుంది, కెమెరా చాలావరకు మార్చుకోదు, అందుకే ఫోన్ ఫోటోలూ కెమెరా ఫోటోలూ కలిపితే మధ్యాహ్నం తర్వాత పొద్దున వస్తుంది. గడియారం కనిపించే ఒక్క ఫోటో వెతకండి, తేడా ఎన్ని గంటలో తెలుస్తుంది, ఆ కెమెరా ఫోటోలన్నిటికీ అంతే తేడా ఉంటుంది, చాలా ఫోటో సాఫ్ట్‌వేర్‌లలో ఒకేసారి అన్నిటినీ సరిచేయొచ్చు.

ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫోటోలు ప్రింట్ చేయిస్తే మసకగా వస్తున్నాయి. ఎందుకు?

వాట్సాప్ లాంటి వాటిలో మామూలుగా పంపితే ఫోటో సైజు బాగా తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. తీసినవాళ్లని అడిగి డాక్యుమెంట్ రూపంలో పంపమనండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ప్రింట్‌కి లెక్క సులువు: అంగుళానికి 300 చుక్కల చొప్పున 4×6 అంగుళాల ఫోటోకి 1200×1800 పిక్సెళ్లు కావాలి. అంత లేకపోతే చిన్న సైజులో వేయించండి. అగ్గిపెట్టెంత ఫోటో కూడా పేజీలో చక్కగా ఒదుగుతుంది, పెద్దది చేసి మసక చేసుకోవడం కంటే అదే నయం.

దాచుకున్న టికెట్ల మీద అక్షరాలు మాయమైపోయాయి! ఏం చేయాలి?

మాయమయ్యాక పెద్దగా చేయగలిగింది లేదు. ఈ దెబ్బ నేను కూడా తిన్నాను. ఒక రైలు ప్రయాణం టికెట్లన్నీ వరసగా మెట్లలా అమర్చి, ఒక పూటంతా కష్టపడి పేజీ చేశాను. రెండేళ్లకి తెరిస్తే ఖాళీ తెల్ల కాగితం ముక్కలు, పక్కన మాత్రం నా రాతలో "టికెట్లు చూడండి!" అని బాణం గుర్తు.

విషయం ఏంటంటే, అవి సిరాతో ముద్రించినవి కాదు. థర్మల్ కాగితం మీద ఒక రసాయనపు పూత ఉంటుంది, వేడి తగిలిన చోట నల్లబడుతుంది, అదే మనకి అక్షరంలా కనిపిస్తుంది. ఎండ, వేడి, చేతి నూనె, కొన్ని జిగుర్లు, పీవీసీ ప్లాస్టిక్ కవర్లు ఏవి తగిలినా ఆ అక్షరం వెలిసిపోతుంది. గోటితో గట్టిగా గీకి చూడండి, నల్ల గీత పడితే అది థర్మల్ కాగితమే. ఇంటికి రాగానే, వీలైతే ఆ రాత్రే హోటల్లోనే, ఫోటో తీయండి లేదా స్కాన్ చేయండి, ఆ ప్రింటౌట్‌ని పుస్తకంలో అతికించండి. అసలుది కూడా కావాలనిపిస్తే కాగితం కవరులో వేసి వెనక దాచండి, వెలిసిపోయినా బాధ ఉండదు.

బోర్డింగ్ పాస్ అతికించొచ్చా? పేజీ ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

అతికించొచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టేముందు మాత్రం దాని మీదున్న బార్‌కోడ్ కప్పేయండి, ఫోటోలో కూడా కనపడకూడదు. అందులో పేరు, బుకింగ్ నంబరు లాంటివి ఉంటాయి, ఎవరైనా ఫోన్‌తో చదివేయొచ్చు. తిరుగు ప్రయాణం ఇంకా ఉండగానే పెట్టేస్తే మరీ ప్రమాదం. పాస్‌పోర్ట్ పేజీల ఫోటోలు పుస్తకంలో కూడా వద్దు.

## అతికించడం, రాయడం

ఏ జిగురు వాడాలి?

నన్నడిగితే ఫోటోలకి అసలు జిగురే వద్దు, ఫోటో కార్నర్లు వాడండి. నాలుగు మూలలూ అందులో దూరతాయి, కావాలంటే ఎప్పుడైనా తీసి వెనక రాసింది చదువుకోవచ్చు. కాగితాలకి యాసిడ్ ఫ్రీ గ్లూ స్టిక్ గానీ ఫోటో టేపు గానీ సరిపోతుంది. తెల్ల జిగురులో నీళ్లెక్కువ, పేజీ ముడతలు పడుతుంది. మామూలు సెల్లో టేపు కొన్నేళ్లకి పసుపెక్కి, ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగులుతుంది. రబ్బరు సొల్యూషన్ జోలికి అసలే పోవద్దు.

ఈ జిగురు తలనొప్పి ఇప్పటిది కాదు. రచయిత మార్క్ ట్వేన్ దీంతో విసిగిపోయి, పేజీ మీద ముందే జిగురు పూసి ఉండే స్క్రాప్‌బుక్‌కి 1873లో పేటెంట్ తీసుకున్నాడు. తడిచేసి అతికించడమే.

ఫోటోలని గుండ్రంగానో, మనిషి ఆకారంలోనో కత్తిరించొచ్చా?

ఇంకో ప్రింట్ వేయించగలిగేదైతే మీ ఇష్టం. ఒక్కటే కాపీ ఉన్న పాత ఫోటోని మాత్రం ముట్టుకోవద్దు. మనిషి చుట్టూ ఉన్నదంతా తీసేస్తే చోటు పోతుంది, వెనకాల ఆగి ఉన్న పాత బస్సు, అప్పటి దుకాణం బోర్డు, అవే ముప్పై ఏళ్ల తర్వాత సరదాగా అనిపించేవి. తీయగానే బయటికొచ్చే ఇన్‌స్టంట్ ఫోటోలని అస్సలు కత్తిరించొద్దు, లోపల పొరల మధ్య రసాయనం ఉంటుంది, పొరలు విడిపోయి ఫోటో పాడవుతుంది.

పేజీలో ఎన్ని ఫోటోలు పెట్టాలి?

ఒకటి పెద్దది, ఒకటో రెండో చిన్నవి, రాతకి కనీసం పావు పేజీ. అతికించేముందు ఊరికే పరిచి చూసుకోండి, ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుని టీవీ చూసొచ్చి మళ్లీ చూడండి. బాగుందనిపిస్తే అప్పుడు అతికించండి.

అసలు ఏం రాయాలి? "చాలా ఎంజాయ్ చేశాం" తప్ప ఏమీ తోచడం లేదు

"చాలా ఎంజాయ్ చేశాం" అన్నది ఏ ఫోటో కిందైనా అతుకుతుంది, అందుకే అది ఏ ఫోటో గురించీ చెప్పదు. ముందు పొడి వివరాలు రాసేయండి: ఎవరెవరు, ఎక్కడ, ఏ తేదీ. "అమ్మ" అని కాదు, పేరు రాయండి, మీ మనవలకి ఆవిడ అమ్మ కాదు కదా. ఆ తర్వాత ఫోటోలో కనిపించనిదేదో ఒకటి రాయండి. వాసన, చప్పుడు, ఫోటోకి ముందు నిమిషం, ఎవరో అన్న మాట.

ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర ఒక ఫోటో ఉంది, నలుగురం ఒకే గొడుగు కింద, వెనక పొగమంచు తప్ప ఏమీ లేదు. మొదట కింద రాసింది "కొండ మీద, వర్షం". నిజమే, కానీ దాంట్లో ఏముంది? తర్వాత ఇంకో చీటీ అతికించాను: "గొడుగులు నాలుగు తెచ్చాం, మూడు బస్సులో మర్చిపోయాం. పెద్దమ్మ గొడుగు తన నెత్తిమీదే ఉండాలని పట్టు, కాబట్టి అందరం ఆవిడని పట్టుకుని నడిచాం. లోయ కనిపించలేదు. ఇక్కడే లోయ ఉందని ఫోటో తీసినాయన ఒట్టేసి చెప్పాడు." ఇప్పుడు ఎవరు పుస్తకం తీసినా ఆ పేజీ దగ్గర ఆగుతారు, ఇంట్లో ఏ అనుమానం వచ్చినా "ఒట్టేసి చెప్పాడా?" అనడం అలవాటైపోయింది.

అప్పటికీ తోచకపోతే, ఆ ఫోటో చూపిస్తూ ఫోన్‌లో ఎవరికైనా చెబుతున్నట్టు గట్టిగా మాట్లాడండి. నోటికి వచ్చిందే రాసేయండి, పుస్తకభాష అక్కర్లేదు.

ఏ పెన్నుతో రాయాలి?

పిగ్మెంట్ ఇంకు పెన్ను. నీళ్లు పడినా పారదు, వెలుగుకి తొందరగా వెలవదు. మామూలు స్కెచ్ పెన్నులు కొన్నేళ్లకే వెలిసిపోతాయి, కాగితం వెనక్కీ దిగుతాయి. ఫోటో వెనక బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి, మెత్తటి పెన్సిలుతో అంచు దగ్గర తేలిగ్గా రాయండి.

ట్రిప్‌లో పెద్ద గొడవైంది, ఒకరికి జ్వరం వచ్చింది. అవి కూడా రాయాలా?

జ్వరం తప్పకుండా రాయండి. దారి తప్పడం, బ్యాగు పోవడం, రైలు తప్పిపోవడం, ఇవే తర్వాత కథలవుతాయి. గొడవ సంగతి మాత్రం వేరు. మనసులో ఇంకా మంట ఉంటే ఆగండి. నవ్వుతూ చెప్పగలిగిన రోజున రాయండి, అదీ ఆ ఎదుటి మనిషి పక్కనుండి చదివినా ఇబ్బంది పడనట్టుగా. అందరూ చూడకూడదు గానీ రాయాలనే ఉంది అంటే, ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి ఫోటో వెనక పెట్టేయండి.

ఒకే సంఘటన ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు. ఏది రాయాలి?

అన్నీ. ఎవరి చేత్తో వాళ్లని రాయమనండి. తీర్పు చెప్పే పని మీరు పెట్టుకోవద్దు.

నాణెం, తాళంచెవి, బ్యాడ్జి లాంటి మందంగా ఉండేవి ఎలా పెట్టాలి?

ఎదురుగా ఫోటో లేని పేజీలో, చిన్న కవరులోనో జేబు పేజీలోనో పెట్టండి. ఎదురు పేజీలో ఫోటో ఉంటే మూసినప్పుడల్లా నొక్కుకుని గుంట పడుతుంది. ప్లాస్టిక్ జేబులు పాలీప్రొపిలీన్ గానీ పాలిస్టర్ గానీ అయి ఉండాలి. పీవీసీ వద్దు, కొత్త రెయిన్‌కోటు లాంటి వాసన వస్తే అదేనని అనుమానించండి. మరీ మందంగా ఉంటే వస్తువుని డబ్బాలో దాచి, దాని ఫోటో తీసి అతికించడమే మంచిది.

లామినేట్ చేయిస్తే భద్రంగా ఉంటుంది కదా?

ఉండదు. వేడి పెట్టి ప్లాస్టిక్ అతికిస్తే మళ్లీ తీయలేరు, థర్మల్ టికెట్ అయితే ఆ వేడికి పూర్తిగా నల్లబడుతుంది. నకళ్లని చేయించుకోండి, అసలువి వద్దు.

## పాత ఆల్బమ్‌లు

ప్లాస్టిక్ పొర కింద అతుక్కుపోయిన పాత ఫోటోలని ఎలా తీయాలి?

పేజీ మీద జిగురు చారలు, పైన పారదర్శక ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లు 1970, 80లలో బాగా వాడారు. ఆ జిగురు పసుపెక్కి ఫోటోల్ని పట్టేసుకుంటుంది. ముందు పేజీ పేజీనీ ఉన్నదున్నట్టు ఫోటో తీయండి, తీసేటప్పుడు చిరిగినా ఒక కాపీ ఉంటుంది. తర్వాత మైనం లేని డెంటల్ ఫ్లాస్ ఒక బారెడు తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని ఫోటో మూల కింద దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ మెల్లగా ముందుకు పోనివ్వండి. ఫోటోని వంచొద్దు, గోళ్లతో లాగొద్దు. ఎంతకీ రాకపోతే వదిలేయండి, చుట్టూ పేజీని కత్తిరించి అట్టతో సహా దాచుకోవచ్చు.

ఫోటోలున్నాయి, కానీ ఎక్కడివో, అందులో ఎవరో తెలియదు

కొన్ని ప్రింట్ల వెనక ల్యాబ్ ముద్ర, తేదీ ఉంటాయి, ముందు అవి చూడండి. తర్వాత ఫోటోలోని బోర్డులు, బండ్ల నంబర్లు, పిల్లల ఎత్తు. ఒకే చొక్కా రెండు ఫోటోల్లో కనిపిస్తే రెండూ ఒకే ట్రిప్‌వి కావచ్చు. బంధువుల గ్రూపులో "ఇది ఎక్కడ?" అని అడిగితే ఎవరూ పలకరు, "ఇది ఫలానా చోటే కదా" అని కావాలని తప్పుగా రాసి చూడండి, ఐదు నిమిషాల్లో ముగ్గురు సరిదిద్దుతారు. ఊహించి రాసినది ఊహ అని పక్కనే రాయండి.

## దాచడం, పంచుకోవడం

పూర్తయిన పుస్తకం ఎక్కడ పెట్టాలి?

మనుషులు తిరిగే గదిలో, ఎండ పడని అల్మరాలో. అటక మీద వేడి, బాత్రూమ్ గోడ పక్కన చెమ్మ, రెండూ వద్దు. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే కాగితానికీ ఫోటోలకీ హాయి. చెమ్మ ఎక్కువైతే బూజుతో పాటు పుస్తకాల్లో తిరిగే వెండి రంగు పురుగులు వస్తాయి, వాటికి జిగురన్నా కాగితమన్నా ప్రాణం. అన్నిటికంటే మంచి మందు అప్పుడప్పుడూ తీసి చూడటమే, గాలి తగులుతుంది.

పుస్తకం నీళ్లలో తడిసింది, పేజీలు అంటుకుపోతున్నాయి!

ముందు ఆరనివ్వకండి. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇక విడిపోవు. తడిగా ఉండగానే విడదీసి, మురికి ఉంటే శుభ్రమైన చల్లని నీళ్లలో మెల్లగా ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా విడివిడిగా నీడలో ఆరబెట్టండి. ఇంట్లో వేసిన ఇంక్‌జెట్ ప్రింట్లని మాత్రం ముంచొద్దు, రంగు కారిపోతుంది. హెయిర్ డ్రయ్యర్, ఎండ వద్దు. ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టలేనన్ని ఉంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి, తర్వాత తీరిగ్గా కొన్నికొన్ని చూసుకోవచ్చు.

డిజిటల్ కాపీ ఎలా తీసుకోవాలి?

అంగుళానికి 300 చుక్కల దగ్గర స్కాన్ చేస్తే అదే సైజులో మళ్లీ ప్రింట్ వేయొచ్చు, చిన్న పాత ఫోటోలకి 600 పెట్టండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని పేజీకి సమాంతరంగా పట్టుకుని తీయండి. కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. హార్డ్ డిస్క్ పోయాక వెతుక్కోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పిల్లలు ఇద్దరు, పుస్తకం ఒక్కటి. రేపు ఎవరికి?

స్కాన్ చేసిన పేజీలతో రెండో కాపీ ప్రింట్ వేయించి బైండ్ చేయించండి. అసలుది ఎవరికన్నది వాళ్లే తేల్చుకుంటారు. మా ఇంట్లో ఆరు నెలలు ఒకరి దగ్గర, ఆరు నెలలు ఇంకొకరి దగ్గర అని ఒప్పందం, గడువు దాటినా ఇంకా మా చెల్లి దగ్గరే ఉంది.

మూడు పేజీలు చేసి ఆపేశాను. రెండేళ్లైంది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

ఆరంభశూరత్వం అందరికీ ఉన్నదే. ఆ మూడు పేజీల స్థాయిలోనే మిగతావీ ఉండాలనుకుంటే ఇంకో రెండేళ్లు పడుతుంది. మిగిలిన ఫోటోలని పేజీకి రెండు చొప్పున కార్నర్లతో పెట్టేయండి, అలంకారం మానేయండి, కింద తేదీ, పేర్లు, ఒక్క వాక్యం. తేదీ గుర్తులేకపోతే "ఎండాకాలం, పెద్దాడికి పళ్లు ఊడుతున్న ఏడాది" అని రాసినా చాలు. మధ్యలో ఒక ఖాళీ పేజీ వదిలి "ఇక్కడ రెండేళ్లు బద్ధకించాను" అని కూడా రాసుకోవచ్చు. నా రెండో పుస్తకంలో అలాంటి పేజీ ఒకటుంది, దాని మీద మావాడు నిద్రపోతున్న నా బొమ్మ గీశాడు.